ఇండక్షన్ మోటారు మోడలింగ్, 6వ పాఠం: సాచురేషన్, కోర్ లాస్

పోయిన పాఠంలో నో-లోడ్ టెస్ట్ (లోడ్ లేకుండా మోటారు నడిపి చూసే పరీక్ష) రీడింగులతో మాగ్నెటైజింగ్ కర్వ్ గీశాం. అంటే ఎంత ఫ్లక్స్‌కు ఎంత కరెంట్ కావాలో చూపే గీత. దాన్ని సిమ్యులేషన్‌లో పెట్టాక రెండు రకాల ఫిర్యాదులు వచ్చాయి. కొందరికి నిలకడ కరెంట్ సరిగ్గా వచ్చింది గానీ, వోల్టేజి మార్చగానే ట్రాన్సియెంట్ తేడా కొట్టింది. మరికొందరికి కరెంట్ ఎటో ఎగిరిపోయింది. కోర్ లాస్ (ఇనుప కోర్‌లో వేడిగా పోయే పవర్) సంగతి ఎత్తుకునే ముందు ఇది తేల్చేయాలి.

మన కర్వ్ ఇది: కరెంట్ = 3ఫ + ఫ⁷. ‘ఫ’ అంటే వెబర్లలో ఫ్లక్స్ లింకేజీ. ఫ = 0.4 దగ్గర ఇండక్టెన్స్ ఎలా లెక్కేసినా దాదాపు 0.33 హెన్రీలే. ఫ = 1 దగ్గర కోర్ సాచురేట్ అవుతుంది, అంటే ఫ్లక్స్ కాస్త పెరగాలన్నా కరెంట్ బాగా పెరగాలి. అక్కడ కరెంట్ 4 ఆంపియర్లు. ఫ్లక్స్‌ను కరెంట్‌తో భాగిస్తే 0.25 హెన్రీలు. అదే బిందువు దగ్గర స్పర్శరేఖ వాలు (ఫ్లక్స్ మార్పు ÷ కరెంట్ మార్పు) తీసుకుంటే 0.1 హెన్రీ మాత్రమే. ఏది సరైనది? రెండూ! ఫ్లక్స్ పరిమాణం మారకుండా తిరుగుతున్నంతసేపు 0.25 పనిచేస్తుంది. పరిమాణం మారేటప్పుడు, ఆ దిశలో 0.1 పనిచేస్తుంది. మొదటి గుంపు అన్నిచోట్లా 0.25 రకం వాడింది, రెండో గుంపు అన్నిచోట్లా 0.1 రకం. స్టార్టింగ్‌లో పరిమాణం మారడమూ తిరగడమూ ఒకేసారి జరుగుతాయి. ‘సాచురేటెడ్ ఇండక్టెన్స్ = ఇంత’ అని ఒక్క అంకె ఇచ్చి వదిలేసే నోట్సు చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే.

నేనైతే ఇండక్టెన్స్ జోలికే పోను. ఫ్లక్స్‌నే స్టేట్‌గా (సిమ్యులేషన్ ముందుకు నడిపే చలరాశిగా) పెట్టుకుని, కర్వ్ నుంచి కరెంట్ తీస్తాను. ఒక్క జాగ్రత్త: తిరిగే ఫ్లక్స్‌ను విడగొట్టే రెండు లంబ అక్షాలకూ విడివిడిగా ఏడో ఘాతం వేయకండి. ప్రతి అక్షంలో కరెంట్ = ఆ అక్షం ఫ్లక్స్ × (3 + ఫ⁶). ఇక్కడ ఫ మొత్తం పరిమాణం.

కోర్ లాస్‌కు బదులుగా సర్క్యూట్‌లో పెట్టే రెసిస్టెన్స్ ఇక్కడే అక్కరకొస్తుంది. దాన్ని మాగ్నెటైజింగ్ బ్రాంచికి సమాంతరంగా పెడితే, ఫ్లక్స్ మార్పు రేటు = ఆ రెసిస్టెన్స్ × (స్టేటర్ కరెంట్ + రోటర్ కరెంట్ − మాగ్నెటైజింగ్ కరెంట్). ఫ్లక్స్ కోసం స్టెప్పు స్టెప్పుకీ ఇటరేషన్ చేసే బాధ తప్పుతుంది. కాకపోతే సమీకరణాలు స్టిఫ్ అవుతాయి, అంటే చాలా వేగంగా మారేవీ నెమ్మదిగా మారేవీ ఒకేచోట కలుస్తాయి. స్టిఫ్ సాల్వర్ వాడండి. ఫ్రిక్షన్, విండేజ్ (గాలి రాపిడి) నష్టాలు తీసేశాకే ఆ రెసిస్టెన్స్ లెక్కేస్తారని వేరే చెప్పక్కర్లేదు.

50 హెర్ట్జ్ దగ్గర తీసిన రెసిస్టెన్స్‌ను 25 దగ్గర అలాగే వాడితే లెక్క తప్పుతుంది. 200 వాట్ల కోర్ లాస్‌లో హిస్టరిసిస్ (కోర్ అయస్కాంతత్వం అటూ ఇటూ మారడం వల్ల పోయేది) 120, ఎడ్డీ (కోర్‌లో పుట్టే సుడి కరెంట్ల వల్ల పోయేది) 80 అనుకోండి. ఫ్లక్స్ మార్చకుండా ఫ్రీక్వెన్సీ సగం చేస్తే హిస్టరిసిస్ 60కి, ఎడ్డీ 20కి దిగుతాయి. మొత్తం 80. వోల్టేజి కూడా సగమవుతుంది కాబట్టి, పాత రెసిస్టెన్స్ మాత్రం నాలుగో వంతు, అంటే 50 అంటుంది.

అభ్యాసం: నో-లోడ్‌లో నడుస్తున్న మోటారుకు వోల్టేజి ఒక్కసారిగా 15 శాతం పెంచండి. ఫ 1.04 దగ్గర మొదలైతే, స్టేటర్ డ్రాప్ వదిలేసి చూస్తే మాగ్నెటైజింగ్ కరెంట్ 4.4 నుంచి సుమారు 7.1 ఆంపియర్ల దగ్గర కుదురుకోవాలి. పై రెండు గుంపుల పద్ధతులతోనూ ఇదే నడిపి, మూడు కర్వ్‌లనూ ఒకే గ్రాఫ్ మీద గీయండి.