కారు ఏసీ చల్లగాలి ఇవ్వనప్పుడు

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, ఏసీ చల్లదనం తగ్గగానే గ్యాస్ నింపించడానికి పరుగెత్తేవారే ఎక్కువ. అయితే ముందు చూడవలసింది దుమ్ము. కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి వేగమే పడిపోతుంది. గాలి బాగా వస్తున్నా చల్లగా లేకపోతే, ఇంజిన్ చల్లారాక, రేడియేటర్ ముందుండి ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌ను టార్చి వేసి చూడాలి. దాని సన్నని రేకుల మధ్య ఎర్రమట్టి, పురుగులు పేరుకుని ఉంటే నెమ్మదైన నీటిధారతో కడగాలి. నీటిని బలంగా చిమ్మే సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

తరువాత ఇంజిన్ నడిపి, ఏసీ వేసి, చేతులు దూరంగా ఉంచి, కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందో లేదో, గ్యాస్‌ను ఒత్తే కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ టక్కుమని పట్టుకుంటోందో లేదో గమనించాలి. హైవే మీద చల్లగా ఉండి, టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం వేడిగాలి వస్తే, చాలావరకు దోషం ఫ్యానుదే. క్లచ్ పట్టకపోతే ముందు ఫ్యూజు, దానికి కరెంటు అందించే స్విచ్చు లాంటి రిలే చూడాలి.

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పైపుల అతుకుల దగ్గర నూనె జిడ్డు, దానికి అంటిన మట్టి ఆ చోటును పట్టిస్తాయి. పైపులను సొంతంగా విప్పరాదు, ఎందుకంటే ఒత్తిడితో ఎగజిమ్మే గ్యాస్ కళ్లకూ చర్మానికీ హాని చేస్తుంది. మెకానిక్ లీకును సరిచేసి, పైపుల్లోని గాలిని, తేమను లాగేసి (వాక్యూమ్ పట్టి), బానెట్ కింది చీటీలో ఉన్న గ్రాముల లెక్కన తూచి నింపాలి, అందాజా పనికిరాదు.