ఫోన్‌ల వస్తది, టీవీల ఎందుకు రాదు?

టీవీలో సినిమా యాప్ తెరుస్తరు. గుండ్రంగా తిరిగి తిరిగి "ఇంటర్నెట్ కనెక్షన్ చూసుకోండి" అంటది. నెట్‌ఫ్లిక్స్ అయితే ఎన్‌డబ్ల్యూ-2-5 అని కోడ్ చూపిస్తది. ఇగ ఇంట్లో ఒకరు నెట్ ఆపరేటర్‌కు ఫోన్ కొడతరు, ఇంకొకరు రిమోట్ పట్టుకొని ఫ్యాక్టరీ రీసెట్‌లోకి పోతరు. రెండూ ఆఖరికి చేయాల్సిన పనులు. రూటర్ బంద్ చేసి ఆన్ చేసుడు, పాస్‌వర్డ్ మళ్లా కొట్టుడు చెప్పే పని లేదు, అవి అయినంకనే ఈడిదాకా వచ్చి ఉంటరు.

ముందు ఫోన్‌లో సిమ్ డేటా బంద్ పెట్టండి

"ఫోన్‌ల వైఫై మంచిగనే వస్తుంది, టీవీలనే రోగం" అనే మాటను అట్లనే నమ్మొద్దు. వైఫై గుర్తు కనబడుతున్నా, అందులో ఇంటర్నెట్ లేకపోతే చాలా ఫోన్లు చప్పుడు చేయకుండా సిమ్ డేటాకు మారుతయి. వీడియో ఆడుతది, మీరు వైఫై అనుకుంటరు. సిమ్ డేటా బంద్ చేసి, ఇంతకుముందు చూడని వీడియో ఒకటి పెట్టండి. చూసిన వీడియో అయితే ఫోన్‌లో దాచుకున్నది కాసేపు ఆడి మోసం చేస్తది.

అప్పుడు ఫోన్‌లో కూడా రాకపోతే టీవీ తప్పేం లేదు. ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ (LOS) దగ్గర ఎర్ర లైట్ ఉంటే ఎక్కువగా తీగ ఎక్కడో తెగింది, లేదా గట్టిగ వంగింది. కోతులు గుంజినా, గాలిదుమారానికి కొమ్మ పడినా ఇదే లైట్. పాన్ (PON) లైట్ నిలకడగా పచ్చగా ఉండి నెట్ రాకపోతే ముందు నెల ప్లాన్ అయిపోయిందేమో ఆపరేటర్ యాప్‌లో చూడండి. ఈ చిన్న ముచ్చటకే లైన్‌మన్ దేవరకొండ నుంచి తండా దాకా బండి మీద వచ్చి పోతుంటడు.

ఫోన్‌లో నిజంగనే వైఫై నడుస్తుంది, టీవీలో ఏ యాప్ రాదు

కరెంట్ పోయి వచ్చినాక మొదలైందా? అయితే ఇంకేదీ ముట్టకుండా టీవీలో తేదీ చూడండి. హోమ్ స్క్రీన్ మూలకు గంటలు, నిమిషాలే కనబడతయి, సంవత్సరం కనబడదు. సెట్టింగ్స్, సిస్టమ్, తేదీ-సమయం లోపలికి పోవాలె. పాత ఆండ్రాయిడ్ టీవీల్లో ఇది డివైస్ ప్రిఫరెన్సెస్ కింద ఉంటది. అక్కడ 1 జనవరి 1970 అనో, 2019 అనో కనబడితే దొంగ దొరికినట్టే.

ఫోన్‌కు ఈ బాధ ఉండదు. దానికి బ్యాటరీ ఉంది, పైగా సెల్ టవర్ టైమ్ చెప్తది. చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లో, చాలా టీవీల్లో గడియారానికని విడిగా బ్యాటరీ ఉండదు. స్టాండ్‌బైలో ఎర్ర చుక్క వెలిగినంతసేపే దానికి టైమ్ యాది ఉంటది. ప్లగ్‌లో కరెంటే పోయిందంటే మరిచి, కంప్యూటర్ల తేదీల లెక్క మొదలయ్యే 1970కో, లోపలి సాఫ్ట్‌వేర్ తయారైన ఏడాదికో పోయి కూసుంటది.

తేదీకి, సినిమాకు ఏం సంబంధం? యాప్ కంపెనీ సర్వర్‌తో మాట కలిపే ముందు టీవీ దాని సర్టిఫికెట్, అంటే సర్వర్ గుర్తింపు కార్డు, చూస్తది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతది అని ఉంటది. 2019లో ఉన్న టీవీకి, మొన్న ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకని కనెక్షన్ తెంపేస్తది. యాప్‌కు తెలిసేది కనెక్ట్ కాలేదన్నదొక్కటే, అదే మీకు "నెట్‌వర్క్ లేదు" అని చెప్తది. వైఫై గీతలు మాత్రం నిండుగ ఉంటయి, దాని కింద "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని ఉంటది. టీవీలో బ్రౌజర్ ఉంటే ఏదైనా సైటు తెరవండి. "మీ గడియారం వెనుకబడి ఉంది" అని చాలాసార్లు అదే ఒప్పుకుంటది.

"ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లనే ఉంది గద" అంటరు. ఉంటది. కరెంట్ రాంగనే టీవీ, రూటర్ ఒక్కసారే లేస్తయి. టీవీ నిమిషంలోపే సిద్ధమైతది, ఫైబర్ డబ్బా లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటది. ఈలోపు టీవీ టైమ్ సర్వర్‌ను రెండు మూడు సార్లు అడుగుతది, జవాబు రాదు, తర్వాత గంటల తరబడి మళ్లా అడగకుండా ఊకుంటది.

కాబట్టి మొదటి మందు: రూటర్ లైట్లన్నీ నిలబడినాక టీవీలో వైఫై ఆఫ్ చేసి, పది సెకన్లు ఆగి, ఆన్ చేయండి. మళ్లా టైమ్ అడుగుతది. తేదీ మారకపోతే ఆటోమేటిక్ తీసేసి సంవత్సరం, నెల, తేదీ, టైమ్ చేత్తో పెట్టండి. యాప్ పూర్తిగ మూసి తెరవండి. ఆడినాక ఆటోమేటిక్ మళ్లా ఆన్ చేయండి, మరిచిపోవద్దు.

చేత్తో పెట్టేటప్పుడు టైమ్ జోన్ కోల్‌కతా ఉండాలె. జోన్ లండన్‌లో ఉంచి మన టైమ్ పెడితే టీవీ లెక్క ఐదున్నర గంటలు (లండన్ ఎండాకాలంలో నాలుగున్నర) ముందుకు పోతది. అప్పుడు యూట్యూబ్ ఆడుతది, డబ్బు కట్టి చూసే యాప్‌లలో కొన్ని మొండికేస్తయి. ఇంకా గందరగోళం. టీవీకి గుచ్చే అమెజాన్ ఫైర్ స్టిక్‌లో తేదీ చేత్తో పెట్టే వీలు లేదు. రిమోట్‌లో నడిమి గుండ్రని బటన్, ప్లే బటన్ కలిపి ఐదు సెకన్లు నొక్కితే రీస్టార్ట్ అయితది, నెట్ వచ్చినాక ఆ పని చేస్తే సరిపోతది.

ఫ్యాక్టరీ రీసెట్ వద్దనేది ఇందుకే. రీసెట్ కూడా తేదీని సరిచేయదు. పైగా గూగుల్ ఖాతాలోకి పోవడానికీ అదే సర్టిఫికెట్ కావాలె, అది కూడా ఆగుతది. ఉన్న యాప్‌లు పాయె, పాస్‌వర్డ్‌లు పాయె, రోగం అట్లనే ఉండె.

వైఫై తిప్పినా, చేత్తో పెట్టినా ప్రతి కరెంట్ కోతకు ఇదే వస్తుంటే ఫోన్ హాట్‌స్పాట్‌కు టీవీని కలిపి చూడండి. హాట్‌స్పాట్‌లో తేదీ టక్కున సరై, ఇంటి లైన్ మీద ఎప్పుడూ కాకపోతే, టైమ్ అడిగే దారి (యూడీపీ 123 పోర్ట్ అంటరు) లైన్‌లోనో రూటర్‌లోనో మూసి ఉండొచ్చు. ఆపరేటర్‌కు "నెట్ వస్తలేదు" అని కాదు, "123 పోర్ట్ తెరవండి" అని చెప్పండి.

పైసలు ఖర్చు కాని కాపలా ఒకటుంది: కరెంట్ పోంగనే టీవీ స్విచ్ బంద్ చేసి, వచ్చినాక ఐదు నిమిషాలకు వేసుడు. ఎండాకాలం పాలమూరులో పొద్దుమీకి నాలుగుసార్లు పోతే అది ఎవరితోని కాదు. రూటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ (కరెంట్ పోయినా రూటర్‌ను నడిపే బ్యాటరీ డబ్బా) పెట్టుకోండి, టీవీ లేచేసరికి నెట్ సిద్ధంగ ఉంటది. అడాప్టర్ మీద వోల్టేజ్ చదవండి: ఎక్కువగా 12 వోల్టులు, కొన్ని 9. వోల్టేజ్ కచ్చితంగ కలవాలె, ఆంపియర్లు అడాప్టర్ కన్నా ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువుంటే రూటర్ లేచి పడి లేచి పడి చస్తది.

ఆడుతది, కానీ మధ్యల ఆగుతది

ఇది ఎక్కువసార్లు కనెక్షన్ తప్పు కాదు, వైఫై సిగ్నల్ తప్పు. ఫుల్ హెచ్‌డీకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5 ఎంబీపీఎస్, 4కేకు 15. మీది 40 ప్లాన్ అయితే స్పీడ్ పెంచుకోవడం దండగ. రాతి గోడల ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండో అర్రలోకి సరిగ పోదు, 2.4 గిగాహెర్ట్జ్ మీద పెట్టి రూటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది చూడండి. రూటర్ నుంచి టీవీ దాకా లాన్ వైర్ గుంజితే ఈ పేరా మొత్తం అక్కరకు రాదు.

వీపీఎన్ (వేరే చోటు నుంచి చూస్తున్నట్టు చూపే యాప్) ఉంటే తీసేయండి. డీఎన్‌ఎస్ (సైటు పేరుకు అడ్రస్ చెప్పేది) 8.8.8.8 పెట్టమని ప్రతోడూ చెప్తడు, పెడితే పెట్టండి, తేదీ తప్పున్న టీవీకి దాంతోని ఏం కాదు. పదేండ్ల పాత టీవీలో తేదీ సరిగున్నా యాప్‌లు రాకపోతే లోపలి సర్టిఫికెట్లే పాతబడి ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాకపోతే దానికి స్టిక్ కొనుడే దారి. పిల్లల కోసం రూటర్‌లో రాత్రి పది తర్వాత నెట్ బంద్ అని పెట్టుకున్నోళ్లు రూటర్ టైమ్ కూడా చూడండి, అది కూడా కరెంట్ పోతే మరిచిపోతది, మధ్యాహ్నమే టీవీకి రాత్రి పది కొడతది.