డోసు చూడాల్సింది వయసుకు కాదు, బరువుకు

పోయిన శ్రావణంలో ఒక రాత్రి పదకొండింటికి మా బుజ్జిగాడికి ఒళ్లు కాలిపోయింది. చంకలో థర్మామీటర్ పెడితే 102. ఇంట్లో సిరప్ అయిపోయింది. మా ఆయన వెళ్లి కొత్త సీసా తెచ్చారు. ఎప్పటిలాగే 8 మి.లీ. తీయబోతూ ఎందుకో లేబుల్ చూశాను. పాత సీసాలో 5 మి.లీ.కి 120 మి.గ్రా. పారాసిటమాల్. కొత్తదాంట్లో 250. అదే కొలత పోసుంటే మందు రెండింతలు దాటిపోయేది. చేతులు వణికాయి.

కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున లెక్క. మావాడు 14 కిలోలు, అంటే 140 నుంచి 210 లోపు. కొత్త సీసాలోంచి 4 మి.లీ. సరిపోయింది. వంటింటి చెంచాలతో కొలవకండి, సూది లేని సిరంజి వాడండి. ఎన్నింటికి వేశారో క్యాలెండర్ మీద రాయండి. నేను ఆరు గంటల ఎడం పాటిస్తాను, రోజుకు నాలుగు డోసులు దాటనివ్వను. నిద్రపోతుంటే మందు కోసం లేపను.

102 కాస్తా 100కు దిగితే చాలు, 98 కావాలని టెన్షన్ పడొద్దు. పల్చటి నూలు బనియను వేసి, ఫ్యాను సన్నగా పెట్టండి. చలికి వణుకుతుంటేనే దుప్పటి కప్పండి. ఐసు నీళ్లతో ఒళ్లు తుడవద్దు.

అన్నం తినకపోయినా ఫర్వాలేదు, నీళ్లు మాత్రం మానకూడదు. ఉప్పేసిన పల్చటి జావ ఉగ్గుగిన్నెతో పెదవులకు ఆనిస్తే మావాడు రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకున్నాడు. పది నిమిషాలాగి మళ్లీ రెండు గుక్కలు. రాత్రంతా అదే పని.

వానాకాలం జ్వరానికి డెంగీ భయం ఉంటుంది కాబట్టి ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ మందులు సొంతంగా వేయకండి. ఆస్పిరిన్ అయితే పిల్లలకు అసలే వద్దు. జ్వరం తగ్గాక కూడా పిల్లాడు డీలాపడి కడుపునొప్పి అన్నా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్లలోంచి రక్తం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూడు నెలల్లోపు పసిబిడ్డకు జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూసుకోండి. ఐదు నిమిషాలకూ ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ముందే ఆగిపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

తెల్లవారుజామున మావాడికి చెమట పట్టింది. తనే మంచం దిగి బాత్రూంకి వెళ్లాడు. ఒంటికి పోసిన చప్పుడు వినపడ్డాకే నేను నడుం వాల్చాను.