పర్మిషన్ లేదంటే కాగితం అడగండి: విశాఖలో నిరసనకు దిగేవారి కోసం

నిరసన తెలపబోయేవాళ్లను ఆపేది చాలాసార్లు నోటిమాటే. "పర్మిషన్ లేదండి", "పైనుంచి ఆర్డరు", "ఈ పూట ఇంట్లోంచి కదలకండి సార్" అంటారు తప్ప కాగితం చేతికివ్వరు. ఇస్తే కోర్టులో సవాలు చేయొచ్చు కాబట్టే ఇవ్వరు. ఏ పార్టీ గద్దెనెక్కినా ఈ అలవాటు పోదు. ప్రతిపక్షంలో కూర్చున్నాకే ప్రతి పార్టీకీ అది అన్యాయంగా తోస్తుంది. కాబట్టి మన పనల్లా ఆ మాటను తేదీ, సంతకం ఉన్న కాగితం మీదికి రప్పించడం, రాకపోతే రాలేదని రుజువు ఉంచుకోవడం.

జీవీఎంసీ ఎదుట గాంధీ విగ్రహం దగ్గర కూర్చోవాలన్నా, డాబాగార్డెన్స్ అంబేడ్కర్ విగ్రహం నుంచి ర్యాలీ తీయాలన్నా కనీసం వారం ముందు దరఖాస్తు పెట్టండి. ఆ ఏరియా స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కు ఒకటి, ఏసీపీకి ఒకటి, సూర్యాబాగ్‌లోని కమిషనర్ ఆఫీసుకు ఒకటి. తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, ర్యాలీ దారి, రోడ్డుకు ఏ పక్క ఖాళీగా వదులుతారో, వాలంటీర్లు ఎందరో, బాధ్యులైన ఇద్దరి ఫోన్ నంబర్లు రాయండి. జనం లెక్క పెంచి రాయకండి. 200 మంది వచ్చేచోట 2,000 అని రాస్తే "ట్రాఫిక్ ఆగిపోతుంది" అనే సాకు మీరే అందించినట్టవుతుంది.

మైకుకు విడిగా అనుమతి అడగండి. కార్యక్రమానికి ఒప్పుకుని, మైకు కాగితం లేదంటూ ఆంప్లిఫైయర్ పట్టుకుపోతే సభ అక్కడే ఆగిపోతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ల మీద ఎలాగూ నిషేధం ఉంది.

ప్రతి దరఖాస్తుకూ రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. "అక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే వాదించొద్దు. అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి, ఈమెయిల్ కూడా చేయండి. రేపు హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే లాయరు మొదట అడిగేది ఆ రశీదే.

"సెక్షన్ 30 అమల్లో ఉంది" అన్న మాట తరచూ వినిపిస్తుంది. అది 1861 నాటి పోలీసు చట్టంలోది. రోడ్ల మీద సభలను, ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి, లైసెన్సు తీసుకోమనడానికి, షరతులు పెట్టడానికి ఉద్దేశించింది. ఆ లైసెన్సుకు రుసుము కూడా ఉండదు. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న ఇదే చట్టం ఆధారంగా వచ్చిన జీవో నంబర్ 1ని మన హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టేసింది. ఆ తేదీలు గుర్తుంచుకోండి, స్టేషన్లో పనికొస్తాయి.

ఇక జనం గుమిగూడకుండా నిషేధం పెట్టే సెక్షన్ జనం నోట ఇంకా 144గానే ఉంది, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 163. అందులో ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు చూపాలి, మామూలుగా రెండు నెలలు దాటకూడదు. మళ్లీ మళ్లీ అవే ఉత్తర్వులివ్వడం అధికార దుర్వినియోగమనీ, వాటిని ప్రచురించాలనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో చెప్పింది. కాబట్టి ఉత్తర్వు కాపీ అడగండి.

అయితే రోడ్డును రోజుల తరబడి మూసేస్తే కోర్టు మీ పక్షాన నిలబడదు. పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా ఢిల్లీలో రోడ్డు మీద సాగిన షాహీన్‌బాగ్ నిరసన కేసులో 2020 అక్టోబరు సుప్రీంకోర్టు తీర్పు సారాంశం అదే. ఎక్కువకాలం సాగాల్సిన పోరాటానికి కూర్మన్నపాలెంలో ఉక్కు కార్మికులు 2021లో మొదలుపెట్టిన రిలే దీక్షల పద్ధతే మేలు. రోజుకొక బృందం కూర్చుంటే ఎవరి ఉద్యోగమూ పోదు, ఒంట్లో ఓపికా అయిపోదు, శిబిరమూ ఖాళీ కాదు.

అన్నిటికంటే చిక్కయినది హౌస్ అరెస్టు. కోర్టు ఆదేశం లేకుండా గేటు దగ్గర కానిస్టేబుల్‌ను పెట్టి మనిషిని ఇంట్లో ఉంచేయమని చెప్పే సెక్షన్ చూపించమనండి, చూపించలేరు. బీఎన్ఎస్ఎస్ 168 కింద నోటీసు ఇస్తే అది హెచ్చరిక మాత్రమే. 170 కింద ముందస్తు అరెస్టు చేస్తే, వేరే ఆధారం లేకుండా 24 గంటలు దాటి ఉంచకూడదు. గేటు దగ్గరకు వచ్చి, పక్కన ఒకరు వీడియో తీస్తుండగా మూడే అడగండి: ఏ సెక్షన్, ఎవరి ఆర్డరు, ఎప్పటిదాకా? తోసుకుని వెళ్లొద్దు. చెయ్యి తగిలిందంటే విధి నిర్వహణకు అడ్డుపడ్డారని బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 132 కేసు పడుతుంది, అప్పుడు నేరం మీదవుతుంది. లోపలికి వచ్చి వేళతో సహా జరిగింది రాసి కమిషనర్‌కు మెయిల్ పెట్టండి, కాపీ లాయరుకు.

అరెస్టు చేస్తే కారణాలు రాసిమ్మనండి. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి, మీ వాళ్లకు కబురు చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. సూర్యాస్తమయం తర్వాత మహిళలను అరెస్టు చేయాలంటే, అదీ అసాధారణ పరిస్థితుల్లోనే, మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. చదవని కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100. దాన్ని చేతి మీద పెన్నుతో రాసుకోండి, ఫోన్ ముందు లాక్కుంటారు. అందుకే బయల్దేరే ముందు వేలిముద్ర లాక్ తీసేసి పిన్ పెట్టుకోండి. ఫోన్ తీసుకుంటే స్వాధీన పత్రం అడగండి.

వీడియోల దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోయి, తీసిన వేళ వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి, అసలు ఫైలు తీసిన ఫోన్‌లోనే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ ఇవ్వాల్సింది దాని ఆధారంగానే.

స్టేషన్లో కొట్టారనిపిస్తే మర్నాడే సీసీ కెమెరా ఫుటేజీ చెరపొద్దని రాసివ్వండి. పోలీస్ స్టేషన్లలో ఫుటేజీ 18 నెలలు ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆపైన 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు: "ఫలానా తేదీన నన్ను ఆపిన ఉత్తర్వు నకలు, జనరల్ డైరీ (స్టేషన్లో రోజూ జరిగేవి రాసే పుస్తకం) నమోదు నకలు ఇవ్వండి". ఎందుకో చెప్పక్కర్లేదు. గడువు 30 రోజులు, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. జవాబు రాకపోయినా, తిప్పి పంపినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు రెండో అప్పీలు. "అలాంటి ఉత్తర్వు ఏదీ లేదు" అని జవాబొస్తే చింపేయకండి, లాయరుకు మొదట చూపించాల్సింది అదే.