డ్యూటీ ముగించుకుని సైనికుడు ఇంటికొచ్చాక, చిన్నపిల్లలున్న ఆ కుటుంబానికి ఎలా తోడుండాలి?

నెలల తరబడి డ్యూటీ మీద దూరంగా ఉన్న నాన్నో అమ్మో ఇంటికొచ్చేస్తే ఇక కష్టాలు గట్టెక్కినట్టే అని చుట్టుపక్కల వాళ్లం అనుకుంటాం, కానీ అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో అసలు సర్దుబాటు అప్పుడే మొదలవుతుంది.

1. వచ్చిన రోజే గుంపుగా వెళ్లిపోకండి. ఎప్పుడు రమ్మంటారో ఫోన్ చేసి అడగండి.

2. పిల్లల్ని బలవంతంగా ఒళ్లోకి తోయకండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఎనిమిది తొమ్మిది నెలల పాపకి కొత్త మొహం అంటేనే భయం, వీడియో కాల్‌లో రోజూ చూసినా సరే ఎదురుగా నిలబడ్డ మనిషి ఆ పాపకి కొత్తగా అనిపించొచ్చు, అందుకే గుక్కపెట్టి ఏడ్చి అమ్మ మెడ పట్టుకుంటుంది. అప్పుడు "నిన్ను మర్చిపోయిందిగా" అని నవ్వులాటకి కూడా అనొద్దు, ఆ తండ్రికి అది ఎంత గుచ్చుకుంటుందో! ఈ వయసులో పిల్లలంతా ఇంతేనని చెప్పండి. ఆయన కింద కూర్చుని బొమ్మలు పేరుస్తూ ఉంటే చాలు, పాప దూరం నుంచి చూస్తుంది, కాసేపటికి ఒక బొమ్మ తెచ్చి చేతిలో పెట్టి పారిపోతుంది, మళ్లీ వస్తుంది. తొందరపెట్టకూడదు.

3. కాస్త పెద్ద పిల్లలైతే మానేసిన అలవాట్లు మళ్లీ మొదలవుతాయి, పక్క తడపడం, వేలు చీకడం, మొండికేయడం. తిట్టొద్దు. నాలుగైదేళ్ల వాళ్లు కొందరు తాము అల్లరి చేసినందుకే నాన్న వెళ్లిపోయాడని మనసులో పెట్టుకుంటారు, నీ తప్పేం లేదు నాన్నా, అది ఆయన ఉద్యోగం అని ఎన్నిసార్లైనా చెప్పాలి. బజారుకి వెళ్లినా చెప్పకుండా జారుకోవద్దని ఆ ఇంట్లోవాళ్లకి గుర్తు చేయండి.

4. ఇన్నాళ్లూ ఒక్కరే ఇల్లు లాక్కొచ్చిన మనిషిని మర్చిపోకండి. "ఏమైనా సాయం కావాలా" అంటే ఎవరైనా వద్దులే అనే అంటారు, "శనివారం సాయంత్రం రెండు గంటలు పిల్లల్ని నేను చూసుకుంటా" అనండి.

5. వచ్చినవాళ్లని అక్కడ ఏం చూశావ్, ఏం జరిగింది అని తవ్వొద్దు, వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి. నిద్రలో ఉలిక్కిపడుతుంటే పిల్లలు మీదపడి లేపకుండా, పెద్దవాళ్లే కాస్త దూరం నుంచి పేరుపెట్టి పిలిచి లేపడం మంచిది. పీడకలలు, పట్టలేని కోపం, ఎవరితోనూ కలవకపోవడం నెల దాటినా తగ్గకపోతే అది పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య కావచ్చు, ట్రీట్‌మెంట్ ఉంది, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. చచ్చిపోవాలనుంది అన్నా, ఇంట్లో కొట్టడం మొదలైనా నెల ఆగడాలు లేవు, ఆ రోజే సాయం పిలవాలి.

6. మొదటి వారం అందరూ వస్తారు, తర్వాత ఎవరూ రారు. రెండో నెలలో, మూడో నెలలో మీరు ఫోన్ చేయండి.