సిలువ నేపథ్యంతో చీకటి ఫొటో మానిప్యులేషన్: చేయడం ఎలా, విమర్శించడం ఎలా?

వేర్వేరు ఫొటోలను సాఫ్ట్‌వేర్‌లో కలిపి ఒకే బొమ్మగా చేయడమే ఫొటో మానిప్యులేషన్. సిలువ బొమ్మ చూడగానే గుండె బరువెక్కాలంటే నెత్తురు ఎక్కువ పోయాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కనిపించాల్సింది శరీరం బరువు. జర్మన్ చిత్రకారుడు గ్రునెవాల్డ్ 1512-1516 మధ్య వేసిన ఇసెన్‌హైమ్ బలిపీఠ చిత్రంలో అడ్డకొయ్య కిందికి వంగి ఉంటుంది, వేళ్లు మెలితిరిగి ఉంటాయి. 1951లో స్పెయిన్ చిత్రకారుడు డాలీ వేసిన సిలువ చిత్రంలో మేకులు లేవు, రక్తం లేదు, ముళ్ల కిరీటం లేదు. అయినా వేలాడే శరీరాన్ని నేల ఎలా లాగుతుందో చూడడానికి ఆయన ఒక హాలీవుడ్ స్టంట్‌మాన్‌ను పైనుంచి వేలాడదీయించి మరీ గమనించాడు. ఈ బరువు ఫొటోలోనే రావాలి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తేవడం దాదాపు అసాధ్యం.

ఫొటో తీయడం

చేతులు చాచి నేల మీద నిలబడిన మనిషిని సిలువ మీద అతికిస్తే, ఆ మనిషి సిలువ ముందు నిలబడినట్టే ఉంటుంది. వేలాడే శరీరంలో భుజాలు చెవుల దాకా లేస్తాయి, తల వాటి మధ్యకు కుంగుతుంది, పక్కటెముకలు తేలి పొట్ట లోపలికి పోతుంది, మోకాళ్లు వంగుతాయి.

ఇవి రావాలంటే మోడల్‌ను సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తున్న, కదలని పీట మీద నిలబెట్టండి. తలకు పైగా, గట్టిగా బిగించిన కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి, బరువులో కొంత చేతుల మీదకు తీసుకోమనండి. ఒక్కో విడతకు 15-20 సెకన్లు చాలు, తర్వాత విశ్రాంతి. పాదాలు ఎప్పుడూ పీట మీదే ఉండాలి. మణికట్లు కట్టకూడదు, మెడ చుట్టూ ఏదీ ఉండకూడదు, పక్కన మరో మనిషి తప్పనిసరి. తెరిచిన అరచేతులు కావాలంటే వాటిని అదే వెలుగులో విడిగా తీసి తర్వాత కలపండి.

కెమెరా పీట ఎత్తులో, లేదా ఇంకా కింద ఉంచండి. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బొమ్మలో దిగంతరేఖ (నేల, ఆకాశం కలిసే గీత) ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. సిలువ మీది మనిషిని కింది నుంచి చూస్తున్నాం కాబట్టి ఆ రేఖ పాదాల కిందే ఉండాలి. మోడల్‌ను ఛాతీ ఎత్తు నుంచి తీసి, దిగంతం పాదాల కింద ఉన్న కొండ మీద పెడితే, ఎంత బాగా కత్తిరించినా మనిషి గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది.

ఒకే దీపం, పక్క నుంచి, తలకన్నా పైన. రెండో పక్కన నల్లగుడ్డ కడితే గోడల నుంచి తిరిగొచ్చే వెలుతురు ఆగుతుంది. వెనక తెర తెల్లగా కాకుండా మధ్యస్థ బూడిద రంగులో ఉండాలి. తెల్లతెర ముందు తీస్తే జుట్టు చుట్టూ తెల్లటి అంచు మిగులుతుంది, చీకటి బొమ్మలో అది మొదట కనబడే తప్పు.

కలపడం

ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4000×5000 పిక్సెల్స్, 16 బిట్ (రంగుల మెట్లు ఎక్కువగా ఉండే) ఫైల్ తెరవండి. 8 బిట్‌లో పని చేస్తే చీకటి ఆకాశంలో చారలు పడతాయి. మేఘాలు, నేల, కొయ్య, మనిషి విడివిడి లేయర్లుగా (ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలుగా), ఒక్కొక్కదానికి మాస్క్‌తో (అక్కర్లేని భాగాన్ని దాచే తెరతో) ఉండాలి. చెరిపేయడం వద్దు, మాస్క్ అయితే ఎప్పుడైనా వెనక్కి తేవచ్చు. ఒళ్లు పెన్ టూల్‌తో (అంచు వెంట గీత గీసే సాధనంతో), జుట్టు విడిగా కత్తిరించండి. మాస్క్ అంచుకు 0.5 నుంచి 1 పిక్సెల్ మెత్తదనం సరిపోతుంది.

కొయ్య విషయంలో ఒక జాగ్రత్త. నిలువు దుంగ ఫొటోనే 90 డిగ్రీలు తిప్పి అడ్డకొయ్యగా వాడితే, పగుళ్లలోని నీడలు కూడా తిరుగుతాయి. దీపం పక్కన ఉంటే అడ్డకొయ్యకు మాత్రం పై నుంచో కింది నుంచో వెలుగు పడినట్టు కనిపిస్తుంది. అడ్డకొయ్యకు వేరే ఫొటో వెతకండి.

ఇప్పుడు అన్నిటికన్నా పైన ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి, మనిషి లేయర్‌కు మాత్రమే పనిచేసేలా క్లిప్ చేసిన కర్వ్స్‌తో (వెలుగునీడలను మార్చే గీతతో) వెలుగునీడలు సరిచేయండి. రంగు తర్వాత. సున్నా నలుపు, 255 తెలుపు అనుకుంటే, దూరంగా పొగమంచు పట్టిన కొండలో అతి నల్లని చోటు 25-30 దగ్గర ఉంటే, దగ్గరున్న మనిషి నీడలు అంతకన్నా నల్లగా, 8-12 దగ్గర ఉండాలి. అంతా సున్నాకు దించితే వచ్చేది చీకటి కాదు, ఏమీ లేని నలుపు. అచ్చులో అది ముద్దలా పడుతుంది.

వీపు, చేతులు కొయ్యను తాకే చోట రెండు నీడలు వేయండి: 2-4 పిక్సెల్స్ బ్లర్‌తో సన్నటిది, 60-70 శాతం ఒపాసిటీ (గాఢత), దాని చుట్టూ 30-60 పిక్సెల్స్ బ్లర్‌తో పలచటిది, 25-30 శాతం. రెండూ మల్టిప్లై మోడ్‌లో (కింది లేయర్‌ను ముదురు చేసే పద్ధతిలో). రంగు శుద్ధ నలుపు కాకుండా ఆ దృశ్యంలోని ముదురు రంగుల్లోంచే తీసుకోండి. ఈ నీడలు లేకపోతే మనిషి స్టిక్కర్‌లా ఉంటాడు.

గాయాలు చివర్లో, కొంచెమే. చిత్రకళా సంప్రదాయం ఎక్కువగా మేకును అరచేతిలో, పాదాల్లో ముందు నుంచి దిగినట్టు చూపింది. 1968లో జెరూసలేంలో దొరికిన, సిలువ వేయబడిన ఒక మనిషి మడమ ఎముకలో మాత్రం మేకు పక్క నుంచి దిగి ఉంది. ఏ దారి ఎంచుకున్నా బొమ్మంతా దానికే కట్టుబడండి. పైకెత్తిన చేతి నుంచి రక్తం వేళ్ల వైపు పోదు, ముంజేతి మీదుగా మోచేతి వైపు జారుతుంది. రంగు మల్టిప్లైలో, తడి మెరుపు విడిగా స్క్రీన్ మోడ్‌లో (కింది లేయర్‌ను వెలిగించే పద్ధతిలో). ఆరిన చోట గోధుమ రంగుకు తిరగాలి. నిగనిగలాడే ఎరుపు పెయింట్‌లా ఉండి బొమ్మనంతా పాడుచేస్తుంది.

తర్వాత 50 శాతం బూడిద రంగు లేయర్‌ను సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెట్టి, 3-5 శాతం ఫ్లో (రంగు పడే వేగం) ఉన్న తెల్ల, నల్ల బ్రష్‌లతో పక్కటెముకలు, మోకాళ్లు తేల్చండి. ఓపిక కావాల్సిన పని, కానీ బొమ్మకు ప్రాణం వచ్చేది ఇక్కడే. నీడలను నీలి-ఆకుపచ్చ వైపు, వెలుగును మాసిన పసుపు వైపు కొద్దిగా జరపండి. అన్ని ఫొటోలకూ ఒకే గ్రెయిన్ (సన్నటి చుక్కల గరుకుదనం) ఉండేలా చివర్లో 2-3 శాతం మోనోక్రోమ్ నాయిస్ వేస్తే చారలు కూడా తగ్గుతాయి.

నిజమైన ప్రమాదాల, హత్యల ఫొటోలను ముడిసరుకుగా వాడకండి. ఆ శరీరం ఒక మనిషిది, ఆ మనిషికి ఇంట్లోవాళ్లు ఉన్నారు. స్టాక్ ఫొటోల లైసెన్సు మార్పులకు, సున్నితమైన అంశాలకు ఒప్పుకుంటుందో లేదో ముందే చదవండి.

విమర్శించడం

బొమ్మను నాలుగు రకాలుగా చూశాకే నోరు తెరవాలి. 150 పిక్సెల్స్‌కు తగ్గిస్తే సిలువ ఆకారం నిలుస్తుందా? అద్దంలోలా తిప్పితే ఒక పక్కకు ఒరుగుతోందా? నలుపు-తెలుపులో మనిషి, వెనక దృశ్యం ఒకే వెలుగులో ఉన్నాయా? కర్వ్స్ గీతను పైకీ కిందికీ పాములా మెలితిప్పితే దాగిన అతుకులు, క్లోన్ మరకలు (పక్క భాగాన్ని కాపీ చేసి కప్పిన గుర్తులు) బయటపడతాయా?

తర్వాత, బొమ్మ చేసినవారు ఏం చెప్పదలిచారో అడగండి. విలాపం, నిరసన, భయం వేర్వేరు. నిరసన కోసం చేసిన బొమ్మను భక్తి తక్కువైందని తప్పుపడితే వారికి ఉపయోగం ఉండదు. విశ్వాసం నొచ్చుకుంటే ఆ మాట చెప్పడం తప్పు కాదు, కానీ దాన్ని సాంకేతిక లోపంగా చూపించకుండా విడిగా చెప్పండి.

'ఏదో తేడాగా ఉంది' అనకండి. 'దీపం ఎడమన ఉంది, కుడి మోకాలి మీద మెరుపు ఎక్కడిది?' అనండి. చోటు, కారణం, దిద్దే మార్గం మూడూ ఉంటేనే అది విమర్శ. బరువు, వెలుగు, దిగంతం ముందు చెప్పండి. భంగిమే తప్పైతే మళ్లీ ఫొటో తీయాల్సిందే కాబట్టి, జుట్టు అంచుల గురించి చెప్పి వారి సాయంత్రం వృథా చేయొద్దు.