వాగులో బాస్ వేట, 3వ పాఠం: నీళ్ల అంచు

పోయిన పాఠం చివర్లో ఇచ్చిన పని చేశారా? 10 మీటర్ల దూరంలో బకెట్ పెట్టి, గాలం లేని బరువును 10 సార్లు విసిరితే కనీసం 6 సార్లు అందులో పడాలని చెప్పాను. ఇంకా పడటం లేదంటే ఈ పాఠం చదవండి, కానీ వాగు దగ్గరికి మాత్రం ఇంకో వారం ఆగి వెళ్లండి. ఈసారి నేర్చుకునేదంతా నీళ్ల మీద జానెడు వెడల్పు ఉండే ఒక గీత గురించి. ఎర ఆ గీత మీదికి కొట్టుకొస్తే బాస్ అనే ఈ చేప అందుకుంటుంది. బారెడు పక్కగా పోతే కదలదు.

వాగులో ఉండే బాస్‌కి రోజూ రెండు అవసరాలు. ఒకటి తిండి, రెండోది విశ్రాంతి. తిండి జాలులో, అంటే పారే నీళ్ల ఉరవడిలో, కొట్టుకొస్తుంది: పురుగులు, చిన్న చేపలు, రాళ్ల కింద నుంచి జారిపోయిన క్రేఫిష్‌లు (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు). కానీ రోజంతా జాలుకు ఎదురీదుతూ నిలబడితే, తిన్నదంతా ఈతకే ఖర్చయిపోతుంది. అందుకని అది నీళ్లు నెమ్మదించిన చోట తిష్ట వేస్తుంది. తల ఎగువకు, తోక దిగువకు. పక్కనే జోరుగా పోతున్న నీళ్లలో ఏదైనా తినేది కనిపిస్తే ఒక్క ఉరుకున వెళ్లి అందుకుని, వెంటనే తన చోటికి వచ్చేస్తుంది. జోరు నీళ్లకీ నెమ్మది నీళ్లకీ మధ్య ఉన్న ఆ సరిహద్దునే నేను నీళ్ల అంచు అంటాను. చీర ఎక్కడ అయిపోయి అంచు ఎక్కడ మొదలైందో కంటికి ఎంత తేలిగ్గా తెలుస్తుందో, అలవాటైతే ఇదీ అంతే.

అలవాటు కావాలంటే రాడ్‌ని, అంటే గాలం కర్రను, ఒడ్డున పెట్టేయండి. నిజంగానే చెబుతున్నాను, మొదటి గంట రాడ్ ముట్టుకోవద్దు. వాగు మధ్యలో నీటిపైకి తేలిన ఒక పెద్ద బండ చూసుకోండి. దానికి ఎగువన నిలబడి ఒక ఎండుటాకు వదలండి. ఆకు జోరుగా వస్తుంది, బండ భుజం పక్కనుంచి జారుతుంది, బండ దాటీ దాటగానే ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ తర్వాత పక్కకు తిరిగి, ఎవరో పిలిచినట్టు బండ వైపే ఎదురు నడిచి, అక్కడ రెండు చుట్లు తిరుగుతుంది. తిరిగిన చోటు సుడి. తటపటాయించిన చోటు అంచు. ఇంకో ఆకు వదలండి. మూడోది మీ కాలికి మూరెడు దూరం నుంచి వదలండి, అది సుడిలోకి రాకుండా నేరుగా దిగువకు పోతుంది. పది ఆకులు వదిలేసరికి ఆ బండ చుట్టూ నీళ్ల పటం మొత్తం మీ మనసులో గీసుకుపోతుంది. అప్పటికి ఆకులు లేకుండానే గుర్తులు కనిపించడం మొదలవుతుంది: జోరు వైపు నీళ్లు ముడతలు పడి ఉంటాయి, నెమ్మది వైపు నున్నగా ఉంటాయి, మధ్యలో నురుగు సన్నని దారంలా సాగుతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటే నీటి మీది మెరుపు తగ్గి ఇవన్నీ ఇంకా స్పష్టంగా తెలుస్తాయి. నా లెక్కలో రెండో రాడ్ కంటే ఆ కళ్లద్దాలే ముందు కొనాలి.

కొత్తవాళ్లు దాదాపు అందరూ వదిలేసే చోటు ఒకటుంది. బండకు వెనక సుడి ఉంటుందని తొందరగానే పట్టేస్తారు. కానీ బండకు ముందు కూడా, నీళ్లు వచ్చి కొట్టుకునే వైపు, చిన్న మెత్తలాంటి నిదానం ఏర్పడుతుంది. వచ్చే నీళ్లు బండను గుద్దుకుని వెనక్కి తన్నుకోవడం వల్ల అక్కడ ఒక చేప పట్టేంత జాగాలో జోరు చచ్చిపోతుంది. కొట్టుకొచ్చే తిండి ముందు అందేది ఆ చోటికే కాబట్టి గట్టి చేప దాన్ని వదులుకోదు. ఇంకో సంగతి: నేలతో రాపిడి వల్ల అడుగున నీళ్లు పైనున్న నీళ్లకంటే నిదానంగా పోతాయి. పైన ఉరుకులు పరుగులుగా కనిపించే చోట కూడా, అడుగున గుమ్మడికాయంత రాళ్లు పరిచినట్టుంటే వాటి సందుల్లో బాస్ హాయిగా ఉంటుంది.

మిగతా చోట్లు క్లుప్తంగా చెబుతాను, సూత్రం ఒకటే కాబట్టి. గులకరాళ్ల మీద పరవళ్లు తొక్కిన నీళ్లు మడుగులోకి దిగే మొదలు, వాగు మలుపు తిరిగే చోట కోసుకుపోయిన బయటి గట్టు, మధ్యలో దిబ్బ ఉంటే రెండు పాయలు మళ్లీ కలిసే దిగువ కొస. తెల్లవారుజామున, సాయంత్రం వెలుగు తగ్గాక బాస్ మడుగు మొదట్లోకి వచ్చి తింటుంది. నడి మధ్యాహ్నం ఎండకు లోతుకో నీడకో పోతుంది.

ఏ బాస్ ఎక్కడ అనేది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. స్మాల్‌మౌత్ బాస్‌కి చల్లగా పారే నీళ్లు, రాళ్లు కావాలి. లార్జ్‌మౌత్ బాస్‌కి నిలకడ నీళ్లు, నాచు, మునిగిన మొద్దులు ఇష్టం. ఒకే వాగులో జాలు ఉన్నచోట మొదటిది, జాలు చచ్చిన పాయలో రెండోది దొరకవచ్చు. చేతికొచ్చిన చేప ఏదో తెలియాలంటే నోరు మూసి ఉన్నప్పుడు పై దవడ చూడండి. దవడ కొస కన్ను దాటి వెనక్కి పోతే లార్జ్‌మౌత్, కన్ను దాటకపోతే స్మాల్‌మౌత్. ఒంటి మీద తల నుంచి తోక దాకా అడ్డంగా నల్లటి చార ఉంటే లార్జ్‌మౌత్, నిలువు పట్టీలుంటే స్మాల్‌మౌత్. ఈ రెండూ ఉత్తర అమెరికాలో పుట్టిన జాతులు. తర్వాత మనుషులే వాటిని చాలా దేశాలకు తీసుకెళ్లి వదిలారు. పేరు బాస్ అయినా నిజానికి ఇవి సన్‌ఫిష్ కుటుంబానికి చెందినవి. వీటి ప్రజాతి పేరు మైక్రోప్టెరస్, అంటే చిన్న రెక్కది. 1802లో ఫ్రాన్స్‌లో లాసెపేడ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఈ పేరు పెట్టినప్పుడు ఆయన దగ్గరున్న చేపకు వీపు రెక్క దెబ్బతిని, వెనక చివర ఒక చిన్న ముక్క విడిగా రెక్కలా కనిపించింది. ఒక్క చేప గాయం మొత్తం ప్రజాతికి పేరై నిలిచిపోయింది.

ఇక పడవ. అంచు కనిపెట్టారు సరే, పడవ ఎక్కడ పెట్టాలి? నేను ఈ పని మొదలుపెట్టిన ఏడాది పొడవునా చేపల గురించి చదివాను, లంగరు గురించి ఒక్క పేజీ చదవలేదు. ఒకరోజు ఒక మంచి సుడి కనిపించగానే కూర్చున్న చోటనుంచే, చేతికందిన పక్క కొక్కీకి తాడు కట్టి లంగరు వేసేశాను. తాడు బిగుసుకోగానే పడవ జాలుకు అడ్డం తిరిగింది. ఎగువ వైపు అంచు కిందికి వంగింది, నీళ్లు పలచటి గాజు రేకులా లోపలికి జారడం మొదలైంది. చప్పుడు కూడా లేదు. తాడు కోసెయ్యడానికి కత్తి సంచి అడుగున ఉంది. దాన్ని వెతుకుతున్న ఆ కొన్ని క్షణాలు ఇప్పటికీ మర్చిపోలేదు. తాడు తెగింది కాబట్టి బయటపడ్డాను. మోకాళ్ల దాకా నీళ్లు నిండిన పడవను ఒడ్డుకు చేర్చేసరికి చేతులు వణుకుతున్నాయి.

అందుకని ఇది కంఠతా పట్టండి: పారే నీళ్లలో లంగరు పడవ పక్కకు ఎప్పుడూ కట్టకూడదు, ముందు కొసకే కట్టాలి. ఒక్క లాగుతో విడిపోయే ముడి వేయాలి. కత్తి లైఫ్ జాకెట్‌కే తగిలించి ఉండాలి. జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. జాలు జోరుగా ఉంటే అసలు లంగరు జోలికి పోవద్దు. ఒడ్డు పక్కన నిదానపు నీళ్లలోకి పడవను తోలుకుని అక్కడినుంచి విసరండి. వాగుకు అడ్డంగా కూలిన చెట్టు బాస్‌కి మంచి ఇల్లే, కానీ పడవకు ఉచ్చు: కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి పోలేడు. దానికి ఎగువన పడవ ఆపవద్దు, దిగువనుంచే వెళ్లండి. చిన్న ఆనకట్ట మీదుగా నీళ్లు పొర్లే చోటికి ఎగువనుంచీ దిగువనుంచీ కూడా దూరంగా ఉండండి. కింద తిరిగే సుడి ఈత వచ్చినవాళ్లను కూడా వదలదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. చిన్న పడవంటే నాకు ప్రాణం. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన లార్జ్‌మౌత్ 22 పౌండ్ల 4 ఔన్సులు తూగి ప్రపంచ రికార్డు అయింది. ఆయన ఉన్నది సొంతంగా చేసుకున్న చిన్న పడవలో. 77 ఏళ్ల తర్వాత, 2009లో, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా అంతకంటే ఔన్సు కూడా ఎక్కువ తూగని చేపను పట్టారు. రికార్డు దాటాలంటే కనీసం 2 ఔన్సులు ఎక్కువ ఉండాలన్న నియమం వల్ల ఇద్దరినీ సమానంగా లెక్కేశారు.

చేప దగ్గరికి ఎలా వెళ్లాలో చూద్దాం. నడిచి వెళ్తే దిగువనుంచి ఎగువకు నడవండి. చేప ముఖం ఎగువకు ఉంటుంది కాబట్టి మీరు దాని వెనకనుంచి వచ్చినట్టవుతుంది, మీ కాళ్లు కదిపిన బురద కూడా దాని మీదికి పోదు. సుడి లోపల మాత్రం జాగ్రత్త: అక్కడ నీళ్లు తిరగబడతాయి కాబట్టి చేప కూడా తిరగబడి, దిగువ వైపే చూస్తూ ఉండవచ్చు. నీటి కిందనుంచి చేప పైలోకాన్ని సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీ గుండానే చూస్తుంది. ఎత్తుగా నిలబడ్డ మనిషి ఆ కిటికీలోకి తొందరగా వచ్చేస్తాడు, వంగి ఉన్నవాడు అంచున నొక్కుకుపోయి కనిపిస్తాడు. పడవలో కూర్చునే విసరండి. శబ్దం నీళ్లలో గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. మన మాటలు చాలావరకు నీళ్లలోకి దిగవు, కానీ తెడ్డు పడవకు తగిలిన చప్పుడు పూర్తిగా దిగుతుంది. అల్యూమినియం పడవైతే అడుగున పాత కార్పెట్ ముక్క పరచండి.

ఎర సంగతి పోయిన పాఠంలోనే మాట్లాడుకున్నాం: 6 నుంచి 8 పౌండ్ల లాగుడు తట్టుకునే లైన్ (గాలం దారం), 2 నుంచి 3 గ్రాముల జిగ్ హెడ్ (తల దగ్గర బరువు ఉన్న గాలం), దానికి వేలెడంత రబ్బరు పురుగు. ఇప్పుడు విసిరే తీరు. అంచు మీదికి నేరుగా విసరవద్దు. అంచుకు బారెడు ఎగువన, జోరు నీళ్లలో పడేలా ఏటవాలుగా విసరండి. ఎర మునుగుతూ జాలుతోపాటే వచ్చి అంచు దగ్గరికి చేరాలి, ఇందాక ఆకు చేరినట్టే. ఈ లోపు రీల్ తిప్పి ఎరను లాగకండి. వదులైన లైన్ మాత్రమే చుట్టుకోండి, రాడ్ కొస ఎత్తి పట్టి ఎర వెనకాలే తిప్పండి. ఎర అడుగున రాయికి తగిలితే ‘టక్’మని గట్టిగా తెలుస్తుంది. బాస్ నోట్లోకి పీల్చుకున్నప్పుడు చాలాసార్లు అంత కూడా తెలియదు. లైన్ మామూలుగా సాగుతూ సాగుతూ ఆగిపోతుంది, లేదా జాలుకు ఎదురుగా రెండంగుళాలు నడుస్తుంది. బరువు మెత్తగా, తడిగుడ్డ తగిలినట్టు ఉంటుంది. అదే కాటు. అనుమానం వస్తే ఆలోచించకండి, లైన్ బిగించి రాడ్ ఎత్తండి. అది రాయే అయితే పోయేదేమీ లేదు.

ఎర ప్రతిసారీ రాళ్లలో ఇరుక్కుంటుంటే బరువు తగ్గించండి. ఒక్కసారి కూడా అడుగు తగలకపోతే పెంచండి. ఎర రంగు గురించి పడే టెన్షన్‌లో సగం బరువు గురించి పడితే చాలు, ఎక్కువ చేపలు దొరుకుతాయి.

చేప వచ్చాక చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేయి దాని ఒంటి మీది జిగురు పొరను తుడిచేస్తుంది. కింది దవడను బొటనవేలితో పట్టి, రెండో చేయి పొట్ట కిందికి పోనివ్వండి. బరువైన చేపను దవడ మీదే అడ్డంగా వేలాడదీస్తే ఆ దవడ దెబ్బతింటుంది. గాలానికి వెనక్కి తిరిగిన ముల్లును ముందే శ్రావణంతో నొక్కేస్తే విడిపించడం క్షణంలో పని. వసంతంలో నీళ్లు 15 డిగ్రీలు దాటాక స్మాల్‌మౌత్‌లు గుడ్లు పెడతాయి, మగ చేప గులకరాళ్ల గూటి మీద కాపలా కాస్తుంది. దాన్ని అక్కడినుంచి పైకి లాగితే ఆ కాసేపట్లోనే ఇతర చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. గుండ్రంగా శుభ్రం చేసిన గూడు, దాని మీద కదలని చేప కనిపిస్తే పడవ తిప్పుకుని పక్కకు పోండి. మీరు పట్టే చోట అనుమతి, సీజన్, కొలతల నియమాలు ఏమిటో బయల్దేరేముందే కనుక్కోండి.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: ఒకే ఒక్క బండ ఎంచుకోండి. ఆకులు వదిలి దాని అంచులు కాగితం మీద గీయండి. తర్వాత ముందు మెత్తకు 5 విసుర్లు, ఎడమ అంచుకు 5, కుడి అంచుకు 5, సుడికి 5 వేయండి. ఎర అడుగు తగిలిందా, ఎక్కడ ఆగింది, కాటు వచ్చిందా అని ప్రతి విసురు పక్కన రాసుకోండి. వాన పడి వాగు పెరిగిన మర్నాడు అదే బండ దగ్గరికి వెళ్లి ఒడ్డున నిలబడే మళ్లీ గీయండి. 4వ పాఠంలో ఆ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని మొదలుపెడదాం.